బొగ్గు గనిలో నేల అదిరితే భూకంపమేనా? జియోఫోన్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఊరు. మా బావ గోదావరి లోయలో ఒక భూగర్భ బొగ్గు గనిలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. ఈమధ్య ఫోన్ చేసి, "షిఫ్టులో ఉండగా ధన్‌మని శబ్దం వచ్చి కాళ్ల కింద నేల అదిరింది, ఇప్పుడు ఇంజినీర్లు వచ్చి పైకప్పులో అదురుని పట్టే జియోఫోన్లు బిగిస్తున్నారు" అన్నాడు. అప్పటినుంచి మా అక్కకి ఒకటే టెన్షన్. గనులు తవ్వితే భూకంపాలు వస్తాయా? కప్పు కూలేముందు ఆ యంత్రాలు చెబుతాయా? ఇంకో సంగతి, మా ఊరి పక్క క్వారీ బ్లాస్టింగ్‌కి ఇళ్లు అదురుతున్నాయి. అవే యంత్రాలు ఇక్కడ కూడా పెట్టించుకోవచ్చా?

జవాబు: బాబూ, నాది చీపురుపల్లి వైపు. మా దగ్గర కోడూరు, గర్భాం మాంగనీసు గనులు 1890ల నుంచీ ఉన్నాయి గానీ, మన రెండు జిల్లాల్లో బొగ్గు లేదు. మనవి ఖొండలైటు, చార్నొకైటు కొండలు. బొగ్గు దొరికేది గోండ్వానా ఇసుకరాతి పొరల మధ్య. ఆ పని నేర్చుకోవాలంటే మనవాళ్లు ఇటు గోదావరి లోయకో అటు ఒడిశాలో తాల్చేరుకో పోవాల్సిందే. నేనూ అలాగే పోయాను. గని పైకప్పు ఎందుకు నిలబడుతుంది, ఎప్పుడు కూలుతుంది అనే లెక్కల్లోనే ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, నాకు నీ ఈడు పిల్లలున్నారు.

ముందు మీ అక్కకి ఈ మాట చెప్పు. వెనక గోఫ్‌లో ధన్‌మని చప్పుడు రావడం చాలాసార్లు మంచి కబురే. రావాల్సిన చప్పుడు రాకపోతేనే మాలాంటివాళ్లకి నిద్ర పట్టదు.

ఎందుకంటావా? బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీని గోఫ్ అంటారు. పొడుగాటి గోడలా ఉన్న బొగ్గుని వరసగా కోసుకుంటూ పోయే లాంగ్‌వాల్ పద్ధతి అయినా, నిలబెట్టిన పిల్లర్లను వెనక్కి వస్తూ తీసే డీపిల్లరింగ్ అయినా, పని సాగేకొద్దీ గోఫ్ పెరుగుతూ పోతుంది. దాని పైనున్న రాతిపొర కూలి ఆ ఖాళీని నింపాలి. మెత్తటి షేల్ అయితే వెంటవెంటనే రాలిపోతుంది. కానీ మన దేశంలో చాలాచోట్ల బొగ్గు మీద మందపాటి ఇసుకరాయి ఉంటుంది. అది ఓ పట్టాన విరగదు. కింద ఆధారం లేని సజ్జాలాగా గోఫ్ మీదికి వేలాడుతూ ఉంటుంది. అలా వేలాడుతున్న భాగం పెరిగేకొద్దీ బరువంతా బొగ్గు కోసే చోటు, అంటే ఫేస్ మీదా, పక్కనున్న పిల్లర్ల మీదా పడుతుంది. చివరికి ఒకరోజు ఫెళ్లున విరుగుతుంది. మొదటిసారి పెద్దఎత్తున కూలడాన్ని మెయిన్ ఫాల్ అంటారు. ఆ తర్వాత ఫేస్ కొన్ని మీటర్లు జరిగినప్పుడల్లా మళ్లీ బరువు రావడం, మళ్లీ విరగడం మామూలే. దాన్ని పీరియాడిక్ వెయిటింగ్ అంటారు. ఆ విరుపులో బయటపడిన శక్తిలో కొంచెం అలలుగా మారి రాతి గుండా ప్రయాణిస్తుంది. మీ బావ కాళ్లకు తగిలింది బహుశా అదే.

ఇది క్రమం తప్పకుండా జరుగుతుంటే గని ఆరోగ్యంగా ఉన్నట్టు. ఫేస్ ముందుకు పోతున్నా వెనక ఏమీ కూలకుండా నిశ్శబ్దంగా ఉందంటే, ఎకరాల కొద్దీ రాయి గాలిలో వేలాడుతోందని అర్థం. అదంతా ఒక్కసారిగా పడితే గోఫ్‌లో గాలి బయటికి తన్నుకొస్తుంది. ఎయిర్ బ్లాస్ట్ అంటారు, మనుషుల్ని ఎత్తి పడేస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని చుర్చా గనిలో బొగ్గు పైన గట్టి డోలరైట్ పొర ఉంది. 1990 ప్రాంతంలో అక్కడి లాంగ్‌వాల్ మీద ఒక్కసారిగా బరువు పడి కప్పుని మోసే పవర్డ్ సపోర్టులు దెబ్బతిన్నాయి. అందుకే కప్పు తనంతట తాను కూలకపోతే పొడుగు బోర్లు వేసి మందు పెట్టి కావాలనే కూలగొడతారు. లేదా ఖాళీలో ఇసుక నింపుతారు.

గోఫ్‌లో కూలడం వేరు, పిల్లరే బద్దలవడం వేరు. లోతు పెరిగాక, గట్టి రాళ్ల మధ్య ఇరుక్కున్న బొగ్గు పిల్లర్ మోయలేనంత బరువు మోస్తూ మోస్తూ ఒక్కసారిగా పగిలి ముక్కలు బయటికి ఎగజిమ్ముతుంది. దాన్ని బంప్ అంటారు. రాణీగంజ్ వైపు చినాకురి గనిలో ఆరేడు వందల మీటర్ల లోతున ఈ బాధ ఉండేది. బంగారం గనుల్లో దీన్నే రాక్ బర్స్ట్ అంటారు. మూడు కిలోమీటర్ల లోతు దాటిన కోలారు గనులు 2001లో మూతపడేదాకా దానితో పోరాడుతూనే ఉన్నాయి. మన దేశంలో గని అదురులను కొలిచే విద్య ముదిరింది కూడా అక్కడే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ ఆ ఊళ్లోనే పుట్టింది. కాబట్టి మీ బావని అడగాల్సింది "ఎంత గట్టిగా అదిరింది" అని కాదు. "చప్పుడు గోఫ్ వైపు నుంచి వచ్చిందా, మీ పక్క పిల్లర్ నుంచి వచ్చిందా? బొగ్గు ముక్కలు ఎగిరిపడ్డాయా?" అని అడుగు. పిల్లర్ నుంచి వచ్చినా, ముక్కలు ఎగిరిపడినా విషయం సీరియస్.

ఇక భూకంపం మాట. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, బొగ్గు గనుల వల్లే అంటూ వాట్సాప్‌లో బోలెడు మెసేజిలు తిరిగాయి. నమోదైన లోతు 40 కిలోమీటర్లు. మన బొగ్గు గనుల లోతు కొన్ని వందల మీటర్లు. రెంటికీ పొంతనే లేదు. గోదావరి లోయ కింద పాత పగుళ్లు ఉన్నాయి, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర ఇంతకంటే పెద్దదే వచ్చింది. ఆమాటకొస్తే బొగ్గు గనే లేని మన విజయనగరం దగ్గర కూడా 1917లో ఓ మోస్తరు భూకంపం వచ్చినట్టు రికార్డుల్లో ఉంది. గనిలో వచ్చే అదురులు చాలావరకు తీవ్రత సున్నాకి అటూఇటూ ఉంటాయి. మైనస్‌లో కూడా ఉంటాయి, కంగారు పడకు, అది స్కేలు లెక్క. రెండు దాటితే పైన ఊళ్లోకి తెలుస్తుంది. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన ములుగు భూకంపం శక్తి 2 తీవ్రత ఉన్న గని అదురు కంటే దాదాపు 90 వేల రెట్లు.

అలాగని గని వల్ల ఊళ్లు అదరవని కాదు. జర్మనీలో సార్ ప్రాంతంలో 2008 ఫిబ్రవరి 23న బొగ్గు తవ్వకం వల్ల 4 తీవ్రతతో నేల కంపించింది. ఇళ్లు, చర్చీ దెబ్బతిన్నాయి. జనం రోడ్డెక్కారు. అక్కడ బొగ్గు తవ్వకం 2012కల్లా పూర్తిగా ఆగిపోయింది.

ఇప్పుడు జియోఫోన్ల సంగతి. జియోఫోన్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏమీ కాదు. ఒక అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట. రాయి కదిలితే తీగచుట్టలో కొంచెం కరెంటు పుడుతుంది, దాన్ని రికార్డు చేస్తారు. మూడు దిక్కుల కదలికకు మూడు పెడతారు. అసలు పనితనమంతా బిగించడంలో ఉంది. పిల్లర్ పక్కనున్న వదులు బొగ్గుకి బిగిస్తే ఆ పెళ్లల గలగలే రికార్డవుతుంది. కప్పులో నిలువుగా బోరు వేసి, రూఫ్ బోల్టులు దాటి గట్టి రాయి దాకా పోయి, సిమెంటు గ్రౌట్‌తో దాన్ని రాతిలో ఒకటి చెయ్యాలి. బిగించాక పక్కనున్న బోల్టుని సుత్తితో ఒక దెబ్బ కొట్టి స్క్రీన్ మీద గీత చూస్తాం. మొదటి కదలిక నిటారుగా, శుభ్రంగా లేచి వెంటనే తగ్గిపోతే బాగా పట్టుకున్నట్టు. కొట్టాక కూడా గంట మోగినట్టు ఊగుతూనే ఉంటే గ్రౌట్ సరిగా పట్టలేదని అర్థం, మళ్లీ బోరు వేసుకోవాల్సిందే. మీ బావ వాళ్లు బిగించింది కప్పులోనే అయితే మంచిదే.

ఎన్ని పెట్టాలి? అదురు ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అనేవి కలిపి నాలుగు తెలియని విలువలు. కాబట్టి కనీసం నాలుగు సెన్సర్లలో స్పష్టంగా పడాలి. నిజంగా పని జరగాలంటే పది పన్నెండైనా ఉండాలి. ఇసుకరాతిలో మొదటి అల వేగం సెకనుకు సుమారు 3 కిలోమీటర్లు, అంటే వెయ్యోవంతు సెకనులో 3 మీటర్లు. గడియారాల్లో అంతమాత్రం తేడా వచ్చినా పాయింటు పక్కకి జరిగిపోతుంది. గని లోపల జీపీఎస్ అందదు, కాబట్టి అన్నింటినీ కేబుల్‌తోనో ఫైబర్‌తోనో ఒకే గడియారానికి కట్టాలి. పైగా మీథేన్ ఉండే చోటు కదా, నిప్పురవ్వ పుట్టని రకం పరికరాలే కిందికి పంపాలి, వాటికి గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ అనుమతి కావాలి. ఖర్చు పెరిగేది ఇక్కడే.

ఇంకో చిక్కు గురించి చాలామంది రాయరు. సెన్సర్లన్నీ బొగ్గు పొర ఉన్న ఎత్తులోనే, ఒకే బల్లపరుపు మీద ఉంటే, అదురు ఏ వైపు పుట్టిందో బాగానే తెలుస్తుంది గానీ, కప్పులో 40 మీటర్ల పైన పుట్టిందా, నేల కింద పుట్టిందా అన్నది తేలదు. మాకు కావాల్సింది అదే కదా! అందుకే పై నుంచి కూడా బోరు వేసి మధ్యలో కొన్ని సెన్సర్లు దింపాలి. గోఫ్ ఇంకో తలనొప్పి. విరిగిన రాయిలో అల నెమ్మదిస్తుంది, చుట్టూ తిరిగి వస్తుంది. దీన్ని సరిచూసుకోవడానికి ఎప్పుడు, ఎక్కడ పేల్చామో మనకు కచ్చితంగా తెలిసిన షాటు పెట్టి, సిస్టం దాన్ని ఎక్కడ చూపిస్తుందో చూడాలి. 15 మీటర్ల తేడా చూపిస్తే మ్యాపు మీద ప్రతి చుక్కనూ ఆ తేడాతోనే చదువుకోవాలి. రంగురంగుల త్రీడీ బొమ్మలు చూపించి చుక్క ఇక్కడే ఉందని గట్టిగా చెప్పే కంపెనీవాళ్లని నేనైతే ముందు ఈ షాటు లెక్కే అడుగుతాను.

గీతలు చదవడం కొంత అలవాటు మీద వస్తుంది. బొగ్గు కోసే షియరర్ యంత్రం కోత నిరంతరం గరగరమంటూ ఉంటుంది. బ్లాస్టింగ్ అయితే డిలేల (కాస్త కాస్త ఆలస్యంతో పేలే విడతల) మధ్య విరామం కొలిచినట్టు వరసగా వస్తుంది. పొర విరిగితే మొదట పదునైన చిన్న లేపు, కొంచెం ఆగి రెండో పెద్ద అల. కూలిన రాళ్లు గోఫ్‌లో దొర్లితే మొదలెక్కడో తెలియని సాగతీత గీత. రోజుకి ఎన్ని విరుపులు, ఎంత శక్తి, ఫేస్ కంటే ముందున్నాయా వెనకున్నాయా, చిన్నవాటితో పోలిస్తే పెద్దవాటి వాటా పెరుగుతోందా అని చూస్తాం. ఇన్నాళ్లూ గోఫ్ వెనక పడుతున్న చుక్కలు ఫేస్ ముందున్న పిల్లర్లలోకి వచ్చాయంటే బరువు మనుషులున్న వైపు జరిగిందన్నమాట. ఆపి ఆలోచించాల్సింది అప్పుడు.

కూలేముందు చెబుతాయా అన్నావు. ఏ రోజు, ఏ గంటకు అని చెప్పవు. పోలండ్ గనుల్లో దశాబ్దాలుగా ఇలాంటి నెట్‌వర్కులు ఉన్నాయి. అయినా 2018 మే 5న జోఫియువ్కా గనిలో సుమారు 900 మీటర్ల లోతున బంప్ వచ్చి ఐదుగురు చనిపోయారు. ఇవి చెప్పేది బరువు ఎటు కదులుతోంది, ప్రమాదం పెరుగుతోందా తగ్గుతోందా అన్నంతవరకే. జరిగాక ఏం జరిగిందో అబద్ధం లేకుండా చెప్పడంలో మాత్రం వీటికి సాటి లేదు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని క్రాండల్ కేన్యన్ గని 2007 ఆగస్టు 6న కూలింది. 3.9 తీవ్రత నమోదైంది. భూకంపం వచ్చి గని కూలిందని యజమాని టీవీల ముందు వాదించాడు. పగులు జారి వచ్చే భూకంపమైతే మొదటి కదలిక కొన్ని కేంద్రాల్లో పైకి, కొన్నిట్లో కిందికి పడాలి. ఇక్కడ అన్నిట్లో కిందికే పడింది, అంటే నేల లోపలికి కుంగింది. గని కూలడమే ఆ అదురని సైస్మాలజిస్టులు తేల్చారు. వెనక్కి వస్తూ పిల్లర్లు తీస్తున్న గని అది. లోపల ఆరుగురు చిక్కుకుపోయారు, పది రోజుల తర్వాత ఇంకో బంప్‌లో వాళ్లకోసం వెళ్లిన ముగ్గురు పోయారు.

జియోఫోన్లు వచ్చాయని మిగతావి పక్కన పెట్టకూడదు. సపోర్టుల కింద బరువు కొలిచే లోడ్ సెల్, కప్పూ నేలా ఎంత దగ్గరికొస్తున్నాయో చూసే కన్వర్జెన్స్ కొలతలు, కప్పులోంచి వేలాడే టెల్‌టేల్ రంగుపట్టీలు, ఇవన్నీ చవక, ఎవరైనా కంటితో చదవగలరు. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం కప్పు పరిశీలనకి ప్లాను ఎటూ ఉండాలి. వీటన్నిటికీ ముందు, షిఫ్టులో భద్రత చూసే సర్దార్ చేతి కర్ర ఉంది. కప్పుని తట్టి చూస్తే కంగుమంటే గట్టి, డొల్లగా మోగితే పొర విడిపోయింది. పాత సర్దార్లు కర్ర తడుతూ రెండో చెయ్యి కప్పుకి ఆనించి అదురు వేళ్లతో చూసేవాళ్లు. మీ బావని కూడా నేర్చుకోమను.

అలాగే సర్దార్ల పైనుండే ఓవర్‌మన్‌ని అడిగి ఈ సంగతి కనుక్కోమను. రాత్రి షిఫ్టులో, తెల్లవారుజామున చుక్కలు పెరిగితే ఆ కబురు ఎవరికి వస్తుంది? మనుషుల్ని బయటికి పంపే అధికారం అప్పటికప్పుడు ఎవరికి ఉంది? ఏ స్థాయి దాటితే పని ఆపాలో ముందే రాసి గోడకి అంటించారా? డేటా పెన్‌డ్రైవ్‌లో పడి వారం తర్వాత ఆఫీసులో రిపోర్టుగా మారే ఏర్పాటైతే అది పరిశోధనకి పనికొస్తుంది గానీ మీ బావకి పనికిరాదు. సరైన జవాబు రాకపోతే కార్మికుల తరఫు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, ఆయనకి చెప్పొచ్చు. కాంట్రాక్టువాడినని వెనకాడక్కర్లేదు.

మీ ఊరి క్వారీకి వద్దాం. అక్కడ నీకు ఈ నెట్‌వర్కు అక్కర్లేదు. గనిలో ఎక్కడ విరిగిందో తెలియదు కాబట్టి అన్ని సెన్సర్లు. మీ క్వారీలో ఎక్కడ, ఎప్పుడు పేలుస్తున్నారో అందరికీ తెలుసు. తేలాల్సింది మీ ఇంటి పునాది దగ్గర నేల ఎంత వేగంతో ఊగుతోందన్నదే. దానికి ఒక్క వైబ్రేషన్ రికార్డరు చాలు. పీక్ పార్టికల్ వెలాసిటీ అని సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని చూపిస్తుంది. డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం క్వారీకి చెందని మామూలు ఇళ్ల దగ్గర, అదురు ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపు ఉంటే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన 15 దాటకూడదు. రికార్డరుని పునాది పక్క నేలలో పాతిపెట్టాలి, లేదా ఇసుక మూట బరువు పెట్టాలి. మేడ మీద పెడితే శ్లాబు ఊపు కూడా కలుస్తుంది, ఆ లెక్క చెల్లదు. ఫోన్‌లో యాప్ రీడింగులు కూడా చెల్లవు.

ముందు ఏ క్వారీయో చూడు. టెక్కలి వైపు నీలి గ్రానైటు దిమ్మెలు తీసేవాళ్లు గట్టిగా పేల్చరు, దిమ్మెకి పగులొస్తే వాళ్లకే నష్టం. వైర్ సా తో కోస్తారు, మందు తక్కువ. ఇళ్లు అదిరేలా పేల్చేది ఎక్కువగా క్రషర్లకి కంకర రాయి తీసే క్వారీలు. మొత్తం ఎంత మందు పెట్టారన్నది అంత ముఖ్యం కాదు, ఒకే డిలేలో ఎంత పేలింది అన్నది ముఖ్యం. దూరాన్ని ఆ మందు కిలోల వర్గమూలంతో భాగించి చూస్తారు. 200 మీటర్ల దూరంలో ఒక డిలేకి 100 కిలోలు పేలిస్తే 20 వస్తుంది, 25 కిలోలు పేలిస్తే 40. మామూలుగా వాడే సూత్రంలో ఆ తేడాకి అదురు దాదాపు మూడోవంతుకి పడిపోతుంది. అంటే అదే రాయిని అంతే మందుతో, డిలేలు పెంచి, ఊరికి ఇబ్బంది లేకుండా తీయొచ్చు. క్వారీవాళ్లకి ఇది తెలియక కాదు.

కిటికీలు గలగలమన్నంత మాత్రాన నేల అదిరినట్టు కాదు. గాలిలో వచ్చే ఒత్తిడికి కూడా అలాగే అవుతుంది, మబ్బు పట్టిన రోజు, తెల్లవారుజామున ఎక్కువ. గోడల్లో పాత పగుళ్లు కూడా ఉంటాయి. నల్లరేగడి నేల ఎండకి కుంగినా, పునాది సరిగా లేకపోయినా మెట్లలాగా పగులుతాయి. అందుకే ఇప్పుడే పగుళ్లన్నిటికీ పక్కన స్కేలు పెట్టి తేదీ పడేలా ఫోటోలు తియ్యండి. పగులు మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి తేదీ రాయండి, పగులు పెరిగితే పట్టీ చీలుతుంది. బ్లాస్టు జరిగిన ప్రతిసారీ టైము, ఎన్ని ఇళ్లలో తెలిసిందో ఒక నోటుబుక్కులో రాయండి.

ఇవి పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, కాపీలు జిల్లా గనుల శాఖ ఆఫీసుకీ, డీజీఎంఎస్‌కీ పంపండి. "క్వారీ మూసేయండి" అని ఒక్క ముక్క రాస్తే ఫైలు ఏళ్లకేళ్లు తిరుగుతుంది. మా ఇళ్ల దగ్గర, మా ఎదుట, వరసగా కొన్ని బ్లాస్టులకి వైబ్రేషన్ కొలవాలి, అదే రోజుల బ్లాస్టింగ్ రికార్డులో డిలేకి ఎంత మందు వాడారో చూపించాలి అని అడగండి. కొలిచే రోజు ముందే తెలిస్తే ఆ రోజుకి మందు తగ్గించేస్తారు. కాబట్టి నోటుబుక్కులో ఆ రోజుకి ముందు రెండు నెలల బ్లాస్టుల వివరాలైనా ఉండేలా చూసుకో. ఏ వారం ఎన్ని ఇళ్లలో తెలిసిందో పక్కపక్కన పెట్టి చూపిస్తే, కొలత రోజు మాత్రమే ఎందుకు మెత్తగా పేలిందో వాళ్లే చెప్పుకోవాలి.